అత్త నడుము మీది మచ్చ

రాచర్లలో నాకో మందుల షాపు ఉంది. మా పాలెంలో ఫార్మసీ చదివిన మొదటివాణ్ణి నేనే కాబట్టి ఊళ్ళో సగంమందికి నేనే డాక్టరుని. కాదని చాలాసార్లు చెప్పాను గానీ గట్టిగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ పిలుపు నాకు ఇష్టంగానే ఉండేది.

ఓ ఏడాది వానలు తగ్గుముఖం పట్టాక మా మేనత్త షాపుకొచ్చింది. మా నాయనకు ఒక్కతే చెల్లెలు. పగలు కూలికి పోతుంది, ఇరవై గొర్రెలు సాకుతుంది, ఆదివారం చర్చిలో పాట ఎత్తుతుంది. ఆమె ఎత్తితేనే మిగతావాళ్ళు అందుకుంటారు. నన్ను పక్కకు పిలిచి, చీర కాస్త జరిపి నడుము చూపించింది. అరచెయ్యంత ఎర్రటి మచ్చ. మధ్యలో తేటగా ఉంది, అంచు మాత్రం ఉంగరంలా తేలింది.

"గోమారి కరిచిందిరా అల్లుడా. పీకి పారేసినా. పది దినాలకు ఇది లేచింది."

గొర్రెలకు పట్టే పిడుదును మావైపు గోమారి అంటారు. గొర్రెలు కాసేవాళ్ళను అది కరవడం మాకు వింతేమీ కాదు. నేను నవ్వాను.

"గోమారీ లేదు, ఏమీ లేదు. ఇది తామర అత్తా."

"దురద లేదే మరి?"

"రేపో మాపో వస్తదిలే."

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. తామరకు దురద ఉంటుంది, పొట్టు రాలుతుంది. దురద లేదని ఆమే చెప్పింది, పొట్టు లేదని నా కళ్ళకే కనపడుతోంది. కానీ మావైపు ఇంటికొకరికి తామర. గుండ్రంగా ఏది కనపడినా అదే అనుకుంటాం, వెంటనే పూసే ట్యూబు అడుగుతాం. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. చీటీ అడిగితే గిరాకీ పక్క షాపుకు పోతుంది. కౌంటరు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ట్యూబు చేతిలో పెట్టి పంపించాను.

రెండు వారాలకు మచ్చ పోయింది. అత్త చర్చి బయట పదిమందిలో నన్ను పొగిడింది. "నా హస్తవాసి అట్లాంటిది," అన్నాను, మీసం మీద చెయ్యి వేసుకోవడం ఒక్కటే తక్కువ. తర్వాత ఒళ్ళునొప్పులు, కాస్త జ్వరం అని వచ్చింది. కూలిపని కదా అని పారాసిటమాల్ ఇచ్చాను.

ఆ తర్వాత ఓ ఆదివారం పాట ఎత్తబోతే ఆమె మూతి ఒక పక్కకు పోయింది. కుడికన్ను మూతపడటం లేదు. ఆటోలో గిద్దలూరు, అక్కణ్ణుంచి మార్కాపురం తీసుకుపోయాను. అక్కడి డాక్టరు కుర్రవాడే, ఓపికగా చూశాడు.

"ఈ రెండు మూడు నెలల్లో ఒంటిమీద ఏమన్నా మచ్చ లేచిందామ్మా? పురుగేమన్నా కరిచిందా?"

అత్త ఆ వంకర మొహం నావైపు తిప్పింది. నేను "లేదు సార్" అన్నాను.

ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. ఉందంటే, దానికి ఎవరేం మందిచ్చారని తర్వాతి ప్రశ్న. షాపు లైసెన్సు, పాలెంలో పరువు, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. అత్త తల దించుకుంది. డాక్టరు మామూలుగా వచ్చే మొహం పక్షవాతమే అనుకుని మాత్రలు రాశాడు.

వారాలు గడిచాయి. ఆమె చర్చిలో వెనక వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. పాట మొదలయ్యేసరికి కళ్ళు నేలకు వేసేది. అది చూడలేక నేను ప్రార్థన కాకముందే బయటికి వచ్చేసేవాణ్ణి. చివరికి మోకాలు కూడా వాచి ఆమె మంచం దిగలేకపోయిన రోజున నేనొక్కణ్ణే మార్కాపురం బస్సెక్కి, డాక్టరుకు అంతా చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అత్తను ఆటోలో తెప్పించి, రక్తం తీసి బయటి ల్యాబుకు పంపించాడు. పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బని తేలింది. మన దగ్గర అరుదట, అయినా అనుమానంతోనే ఆ రోజు మచ్చ గురించి అడిగానన్నాడు. పిడుదు ఉమ్మి కరిచినచోట నొప్పి తెలియనివ్వదట, ఒంటి కాపలాను కూడా మెత్తబరుస్తుందట. ఆ సందులో సూక్ష్మజీవి లోపలికి దిగుతుంది. మన రక్తంలోని పదార్థాన్నే పైన పూసుకుని మనదానిలా తిరుగుతుంది. ఒళ్ళు దాన్ని గుర్తుపట్టేలోపు పై తొడుగు మార్చేస్తుంది. కీళ్ళలో, రక్తం అంతగా చేరని చోట్లలో నక్కుతుంది. "మచ్చ దానంతటదే కూడా పోతుంది. పోయిందంటే తగ్గిందని కాదు. మీ ట్యూబు దానికి సాయం చేసిందో లేదో గానీ, మీరు చెప్పకపోవడం మాత్రం చేసింది," అన్నాడు.

నెలరోజుల యాంటీబయాటిక్ మాత్రలు రాశాడు. రోజూ రెండు పూటలా నేనే తీసుకుపోయి దగ్గరుండి మింగించేవాణ్ణి. ఓ రోజు అత్త, "నాలో దూరిందేందిరా?" అని అడిగింది. డాక్టరు చెప్పింది చెప్పాను.

"అంటే మన గొర్రెలకు వేసే రంగుగుర్తు తనూ పూసుకొని మందలో నిలబడిందన్నమాట. కాపలావాడు ఎట్ల కనిపెడతాడు పాపం," అంది.

నాకిక ఆగలేదు. "అత్తా, ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినా. నా షాపు కోసం చెప్పినా. నీ మూతి కన్నా నాకు షాపే ఎక్కువయింది," అంటూ ఏడ్చేశాను.

అత్త మాత్ర మింగి, వంకర పెదవి మీంచి జారిన నీళ్ళు తుడుచుకుంది. మోకాలు ఇప్పుడు నయమైంది. పెదవి మాత్రం పూర్తిగా కుదురుకోలేదు, చర్చిలో పాట వేరే అమ్మాయి ఎత్తుతోంది. కానీ ఆ పూట అత్త అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను.

"మచ్చ నా ఒంటిమీదిదే గదరా, నాకు తెలీదా? ఉందని చెబుదామనే నోరు తెరిచినా. నువ్వు లేదన్నావు. అంత పెద్ద డాక్టరు ముందర నా అల్లుడి తల ఎందుకు వంచాలని మూసుకున్నా."