కాగితం చేప మొప్పలు

మా మనవరాలు ఇంగ్లీషు గంటలో నోరే విప్పడం లేదని టీచరు కబురు పెడితే, మొన్న దెందులూరు బడికి వెళ్లాను. టీచరు ఫోనులో చూసి నేర్చిన ఆటట, ఆ ఇంగ్లీషు గంటలో పిల్లలు కాగితం చేపలతో సంత పెట్టారు. అమ్మేది మా పిల్లే.

"మీరూ కొనండి మామ్మగారూ," అన్నారు టీచరు.

అలవాటుకొద్దీ చేపను తిప్పి, మొప్ప ఉండేచోట గోటితో ఎత్తబోయాను. "ఎరుపేదే? ఇది నిన్నటి చేప. నాకొద్దు."

క్లాసంతా గొల్లుమంది. సిగ్గుతో లేవబోయాను. మా పిల్ల ఉక్రోషంగా ఎర్ర పెన్సిలుతో మొప్ప దగ్గర బరబరా గీసి, "నో మామ్మా! లుక్! రెడ్! ఫ్రెష్ ఫిష్!" అని అరిచింది.

"మాట్లాడేసిందండీ!" అన్నారు టీచరు.

బెత్తానికి జడిసి మూడో తరగతిలోనే బడి మానేసినదాన్ని నేను. ఆ రోజు మాత్రం గంట కొట్టేదాకా కూర్చుని, రేపేం ఆట ఆడిస్తారో అడిగి మరీ వచ్చాను.