ఫోస్కో జేబులో రాళ్లు

ఫోస్కోకి ఈ లోకంలో దేని మీదా నమ్మకం లేదు. అనుమానం కొందరికి జబ్బు, అతనికి ఉద్యోగం. నలభై ఏళ్లు మా ఊరి వైన్ నేలమాళిగలో పీపాలు కనిపెట్టుకుని ఉన్నాడు. మూత తీయకముందే లోపల ఏదో చెడిపోతోందని అనుమానించడానికే అతనికి జీతమిచ్చారు. ఉద్యోగం అయిపోయింది గానీ అనుమానం మిగిలిపోయింది. దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలియక మా కంకర రోడ్ల మీద పెట్టాడు.

మా కియాంతీ కొండల్లో తారు పడని తెల్ల రోడ్లు ద్రాక్షతోటల మధ్యనుంచి పాముల్లా పోతాయి. ప్రతి శనివారం ముగ్గురం వాటి మీద సైకిళ్లు తొక్కుతాం. డెబ్బయ్యొకటేళ్ల ఫోస్కో, డెబ్బై నాలుగేళ్ల ఇవో, రొట్టెల బట్టీ నడిపే నేను. నాకు యాభై ఎనిమిది కాబట్టి వాళ్ల కంటికి నేనింకా పసివాణ్ణి.

మలుపు వచ్చిందంటే ఫోస్కో దిగిపోతాడు. వంగి ఒక రాయి తీస్తాడు. దాన్ని పీపా మూతలా ముక్కు దగ్గర పెట్టుకుని, "నిన్న ఇది ఇక్కడ లేదు" అంటాడు. ఎవరు పెట్టారని అడిగితే, అది కనుక్కునేదాకా రాయి తన దగ్గరే ఉంటుందని చొక్కా వెనక జేబులో వేసుకుంటాడు. ఇంటికి చేరేసరికి ఆ జేబు తొడల దాకా వేలాడుతుంది. ఎప్పుడూ కుడివైపు రాళ్లే ఏరతాడు. ఎడమవైపువి ఏం పాపం చేశాయని ఒకసారి అడిగాను. కుడివైపు రాళ్లే ఎక్కువ కుట్ర చేస్తాయన్నాడు.

జర్మనీ నుంచి వచ్చిన సైకిలువాళ్లు ఎదురుపడి నవ్వుతూ చెయ్యి ఊపితే ఫోస్కో ఆగి, వాళ్లు కొండ దిగి కనుమరుగయ్యేదాకా చూస్తాడు. పరిచయం లేనివాడు ఊరికే ఎందుకు నవ్వుతాడని అతని ప్రశ్న. ఊటబావి నీళ్లు ముందు నాచేత తాగించి, పావుగంట నా మొహం పరిశీలించి, అప్పుడు తాగుతాడు. మా బట్టీ రొట్టెని నా కళ్లముందే తిరగేసి అడుగు తట్టి చూస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే రొట్టె, అదే తట్టుడు.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది ఏడాది కిందట మొదలైన అరుపులు. రోడ్డుమీద కనబడిన ప్రతి అనుమానాన్నీ గొంతెత్తి చాటేవాడు.

"కుడివైపు గుంట. ఎవడో తవ్వాడు. ముందు ఎడమ మలుపు, మొన్నటికన్నా వంకరగా ఉంది. ఇసుక వచ్చింది, ఇసుకని నమ్మకండి."

కోతకొచ్చిన ద్రాక్షల మీద పిట్టలు లేచిపోయేవి. అంత గోలలోనూ ఇవో మాత్రం చిరునవ్వుతో, నోరెత్తకుండా అతని వెనకే తొక్కేవాడు. ఇవో ఓర్పు చూసి నాకు ముచ్చటేసేది.

ఇవో సంగతి కొంచెం చెప్పాలి. ఏటా అక్టోబరులో మా ఊరి సైకిలు యాత్ర జరుగుతుంది. ఒక్కొక్కరికీ ఒక అట్టముక్క ఇస్తారు. దారిలో మూడు మజిలీలు, మజిలీకో ముద్ర. ఇరవై ఏళ్లు మూడు ముద్రలూ వేయించుకున్నవాడి పేరు నేలమాళిగలో పెద్ద పీపా మీద సుద్దతో రాస్తారు. ఇవోకి పంతొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోది ఈ ఏడే. కానీ వసంతంలో రెండుసార్లు పడ్డాడు. అతని కూతురు లోరెదానా ఒకటే మాట చెప్పింది. ఇంకొక్క గీరుడు కనబడినా సైకిలుకి తాళం, తాళంచెవి బావిలో. ఆమె అన్నదంటే చేస్తుంది.

యాత్రకి వారం ముందు మేం పేకాట ఆడాం. మా దగ్గర ఓడినవాడు గెలిచినవాడి కోరిక ఒకటి తీర్చాలి. గెలిచింది నేను, ఓడింది ఫోస్కో. యాత్రరోజున మొదటి ముద్రనుంచి రెండో ముద్రదాకా నోరు విప్పకూడదని ఫోస్కోని కోరాను. అతని మొహం పాలిపోయింది. ఉప్పులో ఊరిన పందితొడ ఒకటి ఇస్తానన్నాడు, నా సైకిలు నెలరోజులు తుడుస్తానన్నాడు, చివరికి పేకముక్కల్ని దీపానికెదురుగా పెట్టి గుర్తులేమైనా ఉన్నాయేమోనని చూశాడు. నేను కరగలేదు. ఇవో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

యాత్రనాడు మొదటి ముద్ర పడింది. ఫోస్కో పెదవులు బిగించాడు. ఆహా, ఎంత ప్రశాంతత. పిట్టల పాట, చక్రాల కింద కంకర చప్పుడు. ఐదు నిమిషాలకే ఫోస్కో సైకిలు బెల్లు కొట్టడం మొదలుపెట్టాడు. గుంట వస్తే బెల్లు, మలుపు వస్తే బెల్లు. నోరు విప్పకూడదన్నాం గానీ బెల్లు సంగతి అనుకోలేదు కదా.

మా రోడ్ల మీద బెల్లు వినిపిస్తే ఒకటే అర్థం, పక్కకి జరిగి దారివ్వమని. ఇవో మర్యాదస్తుడు. రోడ్డు ఎడమకి తిరుగుతున్నచోట బెల్లు మోగగానే కుడికి జరిగి దారిచ్చాడు. ఆ కుడివైపున రోడ్డు లేదు. ద్రాక్షతోట ఉంది. రెండు వరసల మధ్యనుంచి జారుకుంటూ పోయి, కోసి పేర్చిన ద్రాక్షబుట్టల్లో కూలబడ్డాడు.

మేం పరిగెత్తుకెళ్లేసరికి కోతకొచ్చిన ముసలమ్మ ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. "ఈ ఏడు కూలీలు దొరకలేదని మొత్తుకున్నాం గానీ, సైకిళ్లేసుకుని వస్తారనుకోలేదు నాయనా."

ఇవోకి దెబ్బ తగల్లేదు. నెత్తిన ద్రాక్షగుత్తితో కూర్చుని, "దారిచ్చాను కదా, ఇంకా ఏమిటి?" అన్నాడు. తర్వాత కోపంగా, "ఏం లాపో, ఫోస్కోగాడి నోరు ఎందుకు కట్టేశావు? వాడు అరవకపోతే రోడ్డెటు తిరిగిందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

లాపో అంటే నేను. ఆ మాట అతను ముసలమ్మ మొహం చూస్తూ అన్నాడు.

నేను ఫోస్కో వైపు తిరిగాను. అతను పెదవుల మీద వేలు పెట్టి, ఇంకా రెండో ముద్ర పడలేదని సైగ చేశాడు.

"పందెం రద్దు. మాట్లాడు" అన్నాను.

"నిజంగానేనా? ఇందులో మెలికేం లేదుగా?"

"లేదు మహానుభావా."

"శుక్లాలు. కుడికన్ను పూర్తిగా మంచు, ఎడమది సగం" అన్నాడు.

"నీకెప్పుడు చెప్పాడు?"

"వాడు చెప్పడమేమిటి? ఏడాది కిందట పేకాటలో నా ముక్కల్లోకి తొంగిచూడ్డం మానేశాడు. నలభై ఏళ్ల అలవాటు. మనిషి ఉన్నట్టుండి నిజాయితీపరుడైతే అనుమానం రాదూ?"

కూతురు సైకిలెక్కనివ్వదన్న భయంతో ఇవో డాక్టరు దగ్గరికి పోలేదట. ఇరవయ్యో యాత్రదాకా కళ్లు తాను అప్పిస్తానని, ఆ తర్వాతి గురువారం ఆపరేషనుకి రావాలని ఫోస్కో షరతు పెట్టాడు. తారీకు కూడా తనే రాయించాడు. ఇవో వస్తాడన్న నమ్మకం లేక, ఆ రోజు తెల్లారకముందే వాళ్ల గుమ్మం ముందు కూర్చోవాలని నిర్ణయించుకున్నాడు.

కుడివైపు రాళ్లు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. ఏడాది పొడుగునా నేను విసుక్కున్న గోలంతా రోడ్డు పటం.

రెండో ముద్ర దగ్గర లోరెదానా నిలబడి, రొట్టెముక్కల్ని వైన్‌తో తడిపి చక్కెర చల్లి అందరికీ ఇస్తోంది. తండ్రి చొక్కా నిండా ఎర్ర మరకలు చూసి చెయ్యి ఆగిపోయింది.

"నాన్నా, ఏమిటది? రక్తమా?"

ఫోస్కో అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ద్రాక్ష, అమ్మాయ్. ఈ ఏటి పంట మీద నాకు అనుమానమొచ్చింది. మీ నాన్నని దిగి చూడమన్నాను. కాస్త దగ్గరగా చూశాడు."

ఫోస్కో నోటినుంచి వచ్చింది కాబట్టి ఆమె నమ్మింది. ఇంకెవరన్నా నమ్మేది కాదు. అయినా తండ్రి టోపీలోంచి ఆకు తీస్తూ, "బాబాయ్, గురువారం నేను కూడా గుమ్మంలోనే ఉంటాను. డాక్టరమ్మ నా స్నేహితురాలు, అంతా చెప్పింది" అంది. తనని మించి అనుమానించేవాళ్లు ఊళ్లో ఉన్నారని ఫోస్కోకి అప్పుడే తెలిసింది.

ముద్ర వేస్తూ ఆమె, "ఇక్కణ్ణుంచి నెమ్మదిగా. బాబాయ్ అరుపులు వినబడేంత దూరంలో" అంది.

ఆ సాయంత్రం పెద్ద పీపా మీద ఇవో పేరెక్కింది. సుద్ద చెరిగిపోతుందని ఫోస్కోకి అనుమానం. మర్నాడు చూస్తే అక్షరాల వెంట మేకుతో లోతుగా చెక్కి ఉంది.

ఆపరేషను బాగా జరిగింది. మళ్లీ ముగ్గురం రోడ్డెక్కిన మొదటి శనివారం ఫోస్కో అలవాటుగా, "కుడివైపు గుంట" అన్నాడు.

"గుంటలో చీమ కూడా కనిపిస్తోంది నాకు. నోరు ముయ్యరా" అన్నాడు ఇవో.

ఫోస్కో నోరు మూశాడు. ఒక మైలు దాకా మూసే ఉంచాడు. జేబు ఖాళీగా, గాలికి కొట్టుకుంటోంది. అంత దిగులు మొహం నేనెప్పుడూ చూడలేదు. ఎండ పడి నేను కాస్త కళ్లు చిట్లించాను.

ఫోస్కో సైకిలు నా పక్కకి వచ్చింది.

"లాపో, ఎన్నాళ్లనుంచి ఇలా చిట్లిస్తున్నావు?"

నా కళ్లు శుభ్రంగా ఉన్నాయి. చెబుదామని నోరు తెరిచి, అతని మొహం చూసి మూసుకున్నాను.

"కొన్నాళ్లయింది" అన్నాను.

"నాకు తెలుసు" అని ఫోస్కో గొంతు సవరించుకున్నాడు. "ఎడమవైపు రాయి. నిన్న ఇది ఇక్కడ లేదు."