కోబాల్‌కు ఊఁ కొట్టిన మనిషి

బస్సుల కంపెనీలో అందరూ ఆయన్ని పాతాయన అనేవారు. వయసును బట్టి కాదు, కోబాల్ అనే పాతకాలపు కంప్యూటరు భాషను బట్టి. ఏ డ్రైవరు ఏ బస్సెక్కాలో, ఎవరికి ఎప్పుడు సెలవో తేల్చే ప్రోగ్రామును ఆయన ఆ భాషలోనే రాశాడు. అప్పటి కంప్యూటరు ఎంత లావుగా ఉండేదంటే, దాన్ని పెట్టాకే చుట్టూ గోడలు కట్టారనీ, ఎండాకాలం మేనేజరు దాని నీడలో కునుకు తీసేవాడనీ చెప్పుకునేవారు. సగం అబద్ధం. కునుకు మాత్రం నిజం.

ఆ భాషకు ఒక జబ్బు ఉంది. అంకె కనిపిస్తే చాలు, అది దేని నంబరో అడగదు. కొత్తలో ఒకసారి డ్రైవర్ల నంబర్లూ బస్సుల నంబర్లూ తారుమారయ్యాయి. తెల్లారేసరికి రెండు బస్సులకు పెళ్లి సెలవు మంజూరైంది. ఒక డ్రైవరును ఇంజన్ ఆయిలు మార్పించుకు రమ్మని షెడ్డుకు పంపారు. ఆయన బుద్ధిగా వెళ్లి బస్సుల వరసలో నిలబడ్డాడు కూడా.

అప్పటి నుంచి పాతాయన తను రాసిన ప్రతి వరసా భార్యకు చదివి వినిపించేవాడు. ఆవిడ అదే గదిలో, పక్క కుర్చీలో టైపు చేసే ఉద్యోగి. చేతిలో పని ఆపకుండా, కథ వింటున్నట్టు వరసకో "ఊఁ" కొట్టేది. తప్పు దొర్లితే మాత్రం ఏమీ అనేది కాదు. ఊఁ ఆగిందంటే ఎక్కడో తప్పున్నట్టే. వెనక్కి వెళ్లి వెతుక్కునేవాడు.

"నోరు తెరిచి ఎక్కడో చెప్పొచ్చుగా?"

"చెప్తే మళ్లీ చేస్తారు. వెతుక్కుంటే గుర్తుంటుంది."

రిటైరయ్యాక ఇంట్లోనూ అదే పద్ధతి. ఆయన కొత్త చొక్కా కొనుక్కొచ్చి చూపిస్తే, నచ్చితే ఊఁ. నచ్చకపోతే నిశ్శబ్దం. చొక్కా మర్నాడు కొట్టుకి తిరుగుముఖం.

కిందటి చలికాలం ఆవిడ పోయింది. పాత ప్రోగ్రాముకు కాపలా అనే సాకుతో ఆయన మళ్లీ రోజూ ఆ గదికే వచ్చి, ఖాళీ కుర్చీ పక్కన కూర్చోసాగాడు. ఇంతలో ప్రోగ్రామును కొత్త భాషలో తిరగరాయించారు. రాసింది ఎవరో కాదు, ఆవిడ అన్న కూతురే. పాతాయన పరీక్షించి సరేనంటే పాత మిషను తీసేసి, గదిని టైర్లు పెట్టుకోవడానికి ఇచ్చేస్తారు. లోపం దొరికితే ఇంకో ఏడాది కదల్చరు.

"మీ కొత్త భాషల్లో ఏముందే? పాత చొక్కాకి కొత్త బొత్తాలు!" అన్నాడు.

"తొడుక్కుని చూడు మావయ్యా. ఈ బొత్తాం పక్క కాజాలోకి పోనే పోదు" అంది ఆ పిల్ల.

ఆయన ఎంచుకున్నది ఆ పాత తప్పునే. డ్రైవరు నంబరు ఉండాల్సిన చోట బస్సు నంబరు పెట్టాడు. ఈ తప్పు మింగెయ్యి తల్లీ, మింగెయ్యి అని లోలోపల బతిమాలుకుంటూ కుర్చీ అంచున కూర్చున్నాడు. ప్రోగ్రామును నడపకముందే ఆ వరస కింద ఎర్రగీత పడింది: ఇక్కడ డ్రైవరు కావాలి, మీరిచ్చింది బస్సు.

ఆ తప్పునే ఇంకోచోట దాచాడు. పట్టుకుంది. మారువేషం వేసి పంపాడు. పట్టుకుంది. ఎక్కడుందో కూడా చెప్పింది.

"బాగుందే. నిజంగానే బాగుంది," అన్నాడు. "మీ అత్త పట్టే తప్పే పట్టింది."

తప్పు సరిదిద్ది చివరిసారి నడిపాడు. తెర మీద ఏమీ రాలేదు. ఆయన చూపు తిప్పకుండా కాచుకున్నాడు.

"ఏమీ అనదేంటే?"

"అనలేదంటే అంతా సరిగ్గా ఉన్నట్టే మావయ్యా."

ఆయన తలూపి, సరేనన్నాడు. పక్క కుర్చీ మాత్రం తనకిమ్మన్నాడు. ఇచ్చారు.

ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర వేశాడు. ఎదురుగా కూర్చుని, కంఠతా వచ్చిన పాత ప్రోగ్రాములో మొదటి వరస పైకి చదివాడు. ఆగాడు. ఏమీ వినిపించలేదు. తప్పు ఎక్కడ చేశానా అని వెనక్కి వెళ్లి, అదే వరస మళ్లీ మొదలుపెట్టాడు.