మిరపతోటలో పడ్డ బంతి

జంపయ్య దగ్గర అణకువ వెతకొద్దు, దొరకదు. పర్ణశాల దారిలోని టీకొట్టు దగ్గర ఎవరైనా క్రికెట్ మాటెత్తితే చాలు, "మా కాలంల బౌండరీ దగ్గర నిలబడాలంటే గుండె ఉండాలె" అని మొదలుపెడతాడు. బ్యాటు పట్టింది తక్కువే. పేరంతా ఫీల్డింగ్‌తో వచ్చిందే. అరవై దాటినా ఆ పేరు చెక్కుచెదరలేదు. ఆయనకున్న ఆస్తల్లా అదే.

ఆ రోజుల్లో గ్రౌండుకు తాడూ లేదు, సున్నం గీతా లేదు. ఒక పక్కంతా పిచ్చయ్యగారి మిరపతోట. బంతి తోటలో పడితే ఫోర్ కాదు. అది తిరిగి వచ్చేదాకా బ్యాటింగ్ వాళ్లు పరుగులు తీస్తూనే ఉండొచ్చు. ఒక్క మొక్క విరిగిందా, పిచ్చయ్య బంతిని జేబులో వేసుకుని ఇంటికి పోయేవాడు, ఆట అక్కడితో సరి. జంపయ్య మాత్రం ఆకు కదలకుండా సాళ్ల మధ్య ఉరికి, ఒక్క విసురుతో వికెట్లు పడగొట్టేవాడు.

పిచ్చయ్య పోయాక ఇప్పుడు ఊళ్లో క్రికెట్ టోర్నమెంటు నడిపేది ఆయన కొడుకు మురళీకృష్ణ. ఈ ఏడు ఫ్లెక్సీ మీద "ఆల్‌టైమ్ బెస్ట్ ఫీల్డర్" అని జంపయ్య ఫొటో వేయించాడు. కుర్రకారుకు ఒళ్లు మండింది. వాళ్ల జట్టులోని చిరంజీవి గాల్లో తేలి పట్టిన క్యాచ్‌లు అందరి ఫోన్లలో తిరుగుతున్నాయి మరి.

"పాత రూల్ పెట్టి ఒక్క బాల్ ఆడియ్యండి, తేలిపోతది" అన్నాడు చిరంజీవి.

జంపయ్య మీసం దువ్వాడు. "కానియ్‌రా, చూద్దాం."

ఇప్పుడు బౌండరీకి కడుతున్న తాడు తీసేశారు. బ్యాట్స్‌మన్ బంతిని ఎత్తి కొట్టాడు. చిరంజీవి వెనక్కి పరుగెత్తి, తోటలోకి దూకి, నేలకు జానెడు ఎత్తులో ఒంటిచేత్తో పట్టేశాడు. క్యాచ్ అద్భుతం, మొక్కలు నేలమట్టం.

పిచ్చయ్య భార్య పద్మావతమ్మ గట్టు మీద నుంచే అందుకుంది: "ఓరి నీ దూకుడు తగలెయ్య! కాపు మీదున్న చెట్లురా! ఏదీ, ఆ బంతి ఇటు తే!"

జనం పగలబడి నవ్వారు. మొక్క విరిగింది కాబట్టి పాత రూల్ ప్రకారం చిరంజీవి ఓడినట్టే. మురళీకృష్ణ మైకు తెచ్చి జంపయ్య చేతిలో పెట్టాడు. "ఇక నువ్వే చెప్పు జంపయ్యా, ఎవరు గొప్ప?"

ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన ప్రశ్న. "నేనే" అంటే అయిపోయేది. కానీ ఆయన చూపు విరిగిన మొక్కల దగ్గరే ఆగిపోయింది. అలాంటి బంతులు ఆయనకూ వచ్చాయి. ఒక్కదానికీ దూకలేదు. నేల మీద పడనిచ్చి, ఆ తర్వాతే విసిరాడు. జనం విసురుకు చప్పట్లు కొట్టారు గానీ, వదిలేసిన క్యాచ్ సంగతి ఎవరూ అడగలేదు.

"నేనెన్నడూ అట్లాంటి బంతికి దూకలే" అన్నాడు మైకులోనే. "మా అమ్మ ఎర్రమ్మ ఈ తోటలనే మిరపకాయలు ఏరేది. చెట్టు విరిగితే తెల్లారి ఆమెను పనికి రానియ్యరని భయం."

పద్మావతమ్మ తల దించుకుంది. చిరంజీవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు: "మరి ఆ భయం లేకుంటే పట్టేటోడివా పెద్దయ్యా?"

"ఏమోరా" అన్నాడు జంపయ్య. "దూకితే గదా తెలిసేది."