ఇస్సాకు మేష్టారు ఆపిన వన్స్ మోర్

ఈ యువ నామ సంవత్సరం కార్తీక శుద్ధ పంచమి నాడు, ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు, టెక్కలిలో మా బడి వరండా మీద ఒక పాత హార్మోనియం పెట్టె మూత తెరిచారు. పలాస నుంచి వచ్చిన మరమ్మతు మనిషి దాని తిత్తిని రెండు చేతులా లాగి చూశాడు. మెట్లేవీ నొక్కలేదు కనుక స్వరం పలకలేదు. లోపలి గాలి మాత్రం ఒక్కసారి బుసకొట్టి బయటికి వచ్చింది. ఉప్పుగాలికి నాని ఎండిన తోలు, చెక్కలు అతికిన పాత వజ్రం బంక, పురుగు పట్టకుండా వేసిన కర్పూరం కలిసిన వాసన అది. పాఠం చెప్పడానికి వెళుతున్నవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. ఇరవయ్యొక్క సంవత్సరాల కిందట ఆ వాసన పక్కన కూర్చుని నేను పాట రాయడం నేర్చుకున్నాను. నేర్పిన మనిషి పేరు ఇస్సాకు మేష్టారు.

ఇప్పుడు ఇంటింటికీ గ్రామఫోను వస్తున్నది. ప్లేటు మీద పాడినవారి పేరు ఉంటుంది, ఒక్కొక్కప్పుడు రాసినవారి పేరూ ఉంటుంది; ఆ పాటకు వరస కట్టినవాడెవరో వినేవారికి తెలియదు. అందుకని ఆయనను ఎన్నడూ చూడనివారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇస్సాకు మేష్టారిది నందిగాం దగ్గర ఒక పల్లె. తండ్రి వరిపొలాల్లో కూలి చేసుకుంటూ బాప్టిస్టు సంఘంలో చేరినవాడు. కొడుకు ప్రార్థన మందిరంలో హార్మోనియం పట్టాడు. నలభయ్యో ఏట టెక్కలి వచ్చి అప్పలస్వామి నాయుడు గారి నాటక సమాజంలో వాయిద్యానికి కుదిరారు. పొడుగాటి మనిషి, పంచె మీద ఎప్పుడూ ఒక నల్లకోటు, పై జేబులో పొడుం డబ్బీ. నవ్వకుండా ఎదుటివాణ్ణి నవ్వించడం ఆయనకు చాతనయినంతగా మరెవరికీ చాతకాదు. అణకువ అన్నది ఆయనలో బొత్తిగా లేదు. తన వరస బాగుంటే బాగుందని తానే ముందు చెప్పేవారు.

ఆనంద నామ సంవత్సరం శ్రావణంలో నేను ఆయనను మొదటిసారి కలుసుకున్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. బడిలో కొత్తగా చేరాను. నాయుడు గారు కొత్త నాటకం వేయదలచి దానికి పాటలు నన్ను రాయమన్నారు. కథ మా తీరంలో అందరికీ తెలిసినదే. ఒక పడుచువాడు బారువ రేవులో ఓడ ఎక్కి రంగూన్ వెళతాడు. ఆ పట్నాన్ని మావాళ్ళు రంగం అంటారు. భార్య ఎదురుచూస్తుంది. అతడు తిరిగి రాడు. ఆ రోజుల్లో నాటకం పాట పుట్టే పద్ధతి వేరు. పార్సీ కంపెనీలవారు పాడి వెళ్ళిన హిందుస్తానీ వరసలు అప్పటికే జనం చెవుల్లో ఉండేవి. వాటిని మట్లు అనేవారం. కవి ఆ మట్టుకు అక్షరాలు లెక్కపెట్టి మాటలు పేర్చేవాడు. నటుడు దాన్ని అందుకుని రాగం సాగదీసేవాడు. జనం "వన్స్ మోర్" అని కేక వేస్తే చచ్చిపోయిన పాత్రయినా లేచి మళ్ళీ పాడవలసిందే. ఎన్ని వన్స్ మోర్లు వస్తే అంత గొప్ప నాటకం.

నేను కథానాయిక శోకగీతాన్ని మూడు రాత్రులు మేలుకుని రాశాను. పల్లవిలోనే ఒక పెద్ద సమాసం, అనుపల్లవిలో రెండు. సమాజం వారి అద్దె ఇంటి అరుగు మీద ఇస్సాకు మేష్టారికి దాన్ని గొంతెత్తి చదివి వినిపించాను. ఆయన పొడుం పీల్చి, చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుని, "బాగున్నాది. ఇంతకీ ఈవిడి సేతిలో ఏటున్నాది?" అని అడిగారు.

"చేతిలోనా? ఏమీ లేదండీ. విరహంలో ఉంది."

"ఏటీ లేకుండా ఉద్దానం ఆడమనిసి నిలబడతాదా పంతులుగోరూ? సేటో, సెంబో, పిల్లో, ఏదో ఒకటి ఉంటాది. అదేటో సెప్పండి, నాను వరస కడతాను."

నాకు కోపం వచ్చింది. భావం చూడకుండా చేట సంగతి అడుగుతాడేమిటి అనుకున్నాను. మరునాడు మళ్ళీ వెళ్ళి, చెంబు ఉంది అన్నాను. "సెంబుతో ఏటి సేత్తన్నాది?" అన్నారు. అలా నాలుగు రోజులు నన్ను తిప్పి, చివరకు ఆయనే ఒక దారి చూపించారు. ఆవిడ రోజూ సాయంకాలం భర్తకు కూడా ఆకు వేస్తుంది. వేసి, నీళ్ళు చిలకరించి, ఉప్పు పెట్టి, అన్నం వడ్డించి ఊరికే కూర్చుంటుంది. ఒకనాడు ఆ ఆకు ఎత్తివేస్తుంది. పాట అంతే.

సమాసాలన్నీ కొట్టివేసి నేను రాసినది ఇది:

ఆకు వేసితినయ్య అలవాటు చొప్పున
అన్నమ్ము చల్లారె, అడుగు చప్పుడు లేదు

వరస కట్టే రోజు ఆయన నిజంగానే ఒక అరటాకు తెప్పించారు. నన్ను ఆకు వేయమన్నారు, నీళ్ళు చల్లమన్నారు. నేను వంగి చేస్తూ ఉంటే తాను హార్మోనియం మీద నా చేతులను చూస్తూ వాయించారు. చేతికి పని ఉన్నచోట మాట ఆగింది. అక్కడ హార్మోనియం ఒక్కటే నెమ్మదిగా నడిచింది. చేయి ఖాళీ అయినచోట మాట వచ్చింది. నేను ఉప్పు మరిచిపోతే వాయించడం ఆపి, "ఉప్పెయ్యకుండా వొడ్డిత్తే మొగుడు రంగం నుంచి ఏటికొత్తాడండీ?" అన్నారు. ఆ మధ్యాహ్నం ఎనిమిది చరణాల పాట మూడు చరణాలయింది. పాటకు తగినంత నిడివి ఎంతో నేను పుస్తకాల్లో చదివింది వేరు, ఆనాడు నడుము నొప్పిపుట్టి తెలుసుకున్నది వేరు.

ఆడవేషాలు అప్పట్లో మగవారే కట్టేవారు. మా నాయిక సూర్యం, మంచి గాత్రం కలవాడు, అది తెలిసినవాడు. వరస విని ముఖం ముడుచుకున్నాడు. "రాగం తియ్యడానికి చోటే లేదు మేష్టారూ. ఈ పాటకు వన్స్ మోర్ ఎక్కణ్ణుంచి వస్తాది?" అన్నాడు. ఆ మాట నాయుడు గారి చెవిన పడింది. నాయుడు గారు చెడ్డవారు కారు. పదిమంది నటుల తిండి ఆయన మీద ఉండేది; జనం మెచ్చే వరస ఉండగా కొత్తది ఎందుకని ఆయన బాధ.

"సూడు మేష్టరూ," అన్నారాయన. "బారువలో మొదటి ఆట. ఈ పాటకి అక్కడ వన్స్ మోర్ రావాల. రాకపోతే నువ్వూ నీ వరసా ఇంటికెల్లిపోండి. పార్సీ మట్టు వాయించీవోడు నాకు సిద్ధంగా ఉన్నాడు."

"వొత్తాదండి," అన్నారు ఇస్సాకు మేష్టారు, పొడుం డబ్బీ మూత వేస్తూ.

అది ఎంత పెద్ద పందెమో నాకు తరువాత తెలిసింది. హార్మోనియం సమాజానిది. ప్రార్థన మందిరంలో ఆయన స్థానంలో అప్పటికే వేరొకరు కూర్చున్నారు. ఈ కొలువు పోతే ఆయనకు వాయించడానికి పెట్టె ఉండదు, మామగారి పొలంలో కూలి తప్ప బతుకుతెరువు ఉండదు.

బారువలో ఇసుక మీద తాటాకు పందిరి వేశారు. ముందు వరసలో కుర్చీలు, వెనుక చాపలు, ఎడమ పక్క ఆడవారు. ఎండుచేపల వాసన, గ్యాసుదీపాల బుస, దూరాన సముద్రపు హోరు. కుర్చీల నడుమ ఆ ఊరి కొబ్బరి సాహుకారు కూర్చున్నారు. పందిరి ఖర్చు ఆయనదే. సూర్యం ఆకు తెచ్చి వేశాడు. ఎంత సణిగినా ఆ రోజు అతడు మేష్టారు చెప్పినట్టే పాడాడని ఒప్పుకోవాలి. నీళ్ళు చిలకరించే చోట హార్మోనియం ఒంటరిగా నడుస్తుంటే ఆడవారి పక్క నుంచి గాజుల చప్పుడు కూడా రాలేదు. మూడో చరణం చివర అతడు ఆకును మడిచి ఎత్తాడు. పాట అయింది. చప్పట్లు లేవు. నేను తెర పక్కన నిలబడి ఉన్నాను. నాయుడు గారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. అయిపోయింది, మేష్టారి కొలువు ఊడినట్టే అనుకున్నాను.

అంతలో ముందు వరస నుంచి సాహుకారు గొంతు, "వన్స్ మోర్" అని వినిపించింది. కుర్చీల్లోవారు నలుగురూ అందుకున్నారు. చాపల మీద నుంచి కూడా కేకలు లేచాయి. నాయుడు గారి ముఖం విప్పారింది. సూర్యం సంతోషంగా వెనక్కు తిరిగి మడిచిన ఆకును విప్పబోయాడు. ఇస్సాకు మేష్టారు తిత్తిని మూసి కొక్కెం పెట్టారు.

"మేష్టారూ, వినబళ్ళేదా?" అన్నారు సాహుకారు.

"వినబడ్డాది బాబూ. ఆవిడి ఆకు ఎత్తీసింది. ఎత్తీసిన ఆకులో మళ్ళీ ఎవులికి వొడ్డిత్తాది?"

"నాటకమే కదా, వాయించవయ్యా."

"నాటకమే బాబూ. అందుకే సెప్తన్నాను."

పందిరి అంతా గుసగుసలు. సాహుకారు ఇంకేదో అనబోయారు. ఆడవారి పక్క నుంచి ఒక ముసలామె, లేవకుండానే, "ఒగ్గీండి బాబూ. ఆ తల్లి ఒకపాలి ఆకు ఎత్తీసింది, సాలు" అన్నది. ఆ తరువాత ఎవరూ కేక వేయలేదు. సూర్యం ఆకు పట్టుకుని లోపలికి వచ్చాడు. తరువాతి రంగానికి మేష్టారు కొక్కెం తీసి, ఏమీ జరగనట్టు వాయించారు.

మర్నాడు ఉదయం బండ్ల మీద సామాను ఎక్కిస్తుండగా నాయుడు గారు వచ్చారు. సాహుకారు అవమానపడ్డారని, రెండో ఆట రద్దు చేశారని చెప్పారు.

"వన్స్ మోర్ రావాలన్నారు. వొచ్చింది," అన్నారు మేష్టారు. "వాయించాలని మీరు అనలేదు."

నాయుడు గారికి నవ్వు వచ్చింది. దాచుకోవడానికి కొంతసేపు సముద్రం వైపు చూశారు. తరువాత మెల్లగా, "పెట్టె బండి మీద పెట్టీ మేష్టరూ" అన్నారు. ఆ మాటతో ఆయన కొలువు పోయింది. మేష్టారు హార్మోనియాన్ని గుడ్డతో తుడిచి, మూత వేసి, తానే మోసుకెళ్ళి బండిలో పెట్టారు. మేమిద్దరం స్టేషనుకు నడిచి వెళ్ళాం. దారిలో నేను ఉండబట్టలేక అడిగాను. ఇంకొక్కసారి వాయిస్తే కొలువు నిలిచేది కదా, ఎందుకిలా చేశారని.

ఆయన నడుస్తూనే, "మా అప్ప ఉన్నాది పంతులుగోరూ. మా బావ రంగం ఎల్లి మరి రాలేదు. ఏళ్ళ తరబడి ఆకేసింది. ఒకనాడు ఎత్తీసింది. నాను ఆ వసారాలోనే కూకున్నాను. మళ్ళీ ఎయ్యవే అప్పా అనీవోణ్ణా?" అన్నారు. మరికొంత దూరం నడిచాక, "వరస మట్టుకు బాగున్నాది కదా" అన్నారు. బాగుందన్నాను. "నాకు తెలుసు" అన్నారు.

నాయుడు గారు ఆ పాటకు పార్సీ మట్టు పెట్టించి, రాగానికి చోటు ఉండేలా మాటలు మార్చమని నాకు కబురు చేశారు. నేను మార్చలేదు, సమాజం వదిలివేశాను. నాటకం మరొకరి పాటలతో నడిచింది. ఇస్సాకు మేష్టారు మామగారి పొలంలో పనికి కుదిరారు. నేను సెలవు ఆదివారాల్లో టెక్కలి నుంచి నందిగాం నడిచి వెళ్ళేవాణ్ణి. ప్రార్థన ముగించుకుని వచ్చి ఆయన నులకమంచం పట్టె మీద వేళ్ళతో తాళం వేస్తూ వరస అనేవారు, నేను మాటలు చెప్పేవాణ్ణి. ఊడ్పులవారికి, పెళ్ళివారికి, మా బడిపిల్లలకు, ఒక క్రిస్మసుకు ఆయన సంఘంవారికి కూడా పాటలు కట్టాం. ప్రతి పాటకూ మొదటి ప్రశ్న ఒకటే, చేతిలో ఏమున్నది అని. పెట్టె లేదని ఆయన బాధపడగా నేను చూడలేదు. ఒక్కసారి మాత్రం, వరస కుదిరిన సంతోషంలో ఎడమ చేయి తిత్తి కోసం గాలిలో వెనక్కు ముందుకు ఆడడం చూశాను. ఆయనకూ తెలిసి చేయి దించుకున్నారు.

మేము కలుసుకున్న ఎనిమిదేళ్ళకు, దుందుభి నామ సంవత్సరం భాద్రపదంలో మేష్టారు విషజ్వరంతో పోయారు. సమాధి దగ్గర ఆయన అక్కను మొదటిసారి చూశాను. "పాటలు రాసీ పంతులుగోరు మీరేనా? ఆడు నన్నడక్కుండా నా ఆకు ఎత్తుకెల్లి నాటకంలో ఎట్టీసినాడు" అన్నది. నిష్ఠూరమో, గర్వమో పోల్చుకోలేకపోయాను. తరువాత నా చేయి పట్టుకుని ఇంటికి తీసుకువెళ్ళి అన్నం పెట్టింది.

ఈనాటికీ ఏదైనా రాయవలసివస్తే కలం పక్కన పెట్టి లేచి, ఆ మనిషి చేసే పని నా చేతులతో చేసి చూస్తాను. వంటింట్లో ఉట్టి చేటతో నిలబడి చెరుగుతుంటే నా భార్య నవ్వుతుంది. నవ్వనిస్తాను. పలికేవారి చేతికి పనేదో తెలియని మాట కాగితం మీద పెట్టడానికి నాకు ధైర్యం చాలదు.

లెక్క ఇది. పోయినవి: ఆయన కొలువు, ఆయన వాయించిన పెట్టె, నాటకం కరపత్రం మీద నా పేరు, స్వరం రాసి ఉంచుకోక మరుగున పడిన వరసలు ఇరవై ఆరు. మిగిలినవి: నాకు పూర్తిగా వచ్చిన పాటలు అయిదు. వాటిలో ఒకటి బారువ వైపు ఆడవారు ఇప్పటికీ పాడుకుంటారు. కవి ఎవరో, వరస ఎవరిదో వారికి తెలియదు. ఉప్పు వేసే చోట మాత్రం ఆగుతారు.