బోణీ కాకముందు

జమ్మికుంటలో బట్టల దుకాణం నడిపిన మా మేనమామ ఏ గుడ్డనైనా వెలుగుకు ఎత్తిపట్టి, తల పక్కకు వంచి చూసేవాడు. అది బేరగాడి టక్కు అనుకుని నేనూ మెడ నొప్పెట్టేదాకా సాధన చేశాను. ఆయనకు పక్క చూపు పోతోందని ఎవరికి తెలుసు?

బోణీ కాకముందు గల్లా వదలడు గనుక కళ్ల డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడూ సాయంత్రమే వెళ్లేవాడు. కంటి ఒత్తిడి ప్రతిసారీ సరిగానే ఉండేది, చూపు మాత్రం తరిగేది.

"కంట్లో నీరు రోజంతా ఒక్కతీరుగ ఊరదు," అందామె చివరికి. "నిద్రల తక్కువ, పొద్దుగాల ఎక్కువ; ఒత్తిడి గూడ గట్లనె. సాయంత్రం వస్తె నాకేం దొరుకుతది? రేపు తెల్లారంగనె రాండ్రి."

మామ బోణీ వదిలి, నన్ను తోడు తీసుకుని వెళ్లాడు. ఒత్తిడి బాగా ఎక్కువగా తేలింది. పోయిన చూపు తిరిగి రాదని ఆమె చెప్పగానే రెండు చేతులూ జోడించాడు.

"పోయింది వద్దమ్మా. ఉన్నదాన్ల సగమన్న నిలబెట్టుండ్రి. గది గాకపోతె ఒక్క కన్నన్న ఇయ్యుండ్రి."

"మామా, గంత జల్ది దిగకు," అని దుకాణంలో బేరాల అలవాటు కొద్దీ నోరు జారాను. ఎవరూ నవ్వలేదు.

చుక్కల మందు వేసినా చూపు నిలవలేదు. ఆ తర్వాత కూడా ఆయన గుడ్డను వెలుగుకు ఎత్తి, తల అలాగే వంచేవాడు.

"గిదేం రంగు, అల్లుడా? బేరం మాట చెప్పకు. ఉన్నది చెప్పు."