పులి చెద్దరు కింద గుడ్లు

ఆ రోజుల్లో నేను నిలకడగా కూర్చోగలిగిన చోటు గ్రంథాలయం ఒక్కటే. అది కూడా పుస్తకం చేతిలో ఉన్నంతసేపే. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగాల నోటిఫికేషన్ రేపో మాపో అంటున్నారు, ఆ రేపు మాత్రం రావడం లేదు. ఇంట్లో ఉంటే గడప నుంచి పెరటికీ, పెరటి నుంచి గడపకూ తిరుగుతూనే ఉండేదాన్ని. మా బాపు చూసి చూసి, "గీ పిల్లకు నాగలి కడితే రెండెకరాలు దున్నుతుండె" అనేవాడు. అందుకని పొద్దున్నే సైకిలెక్కి లక్సెట్టిపేట లైబ్రరీకి పోయేదాన్ని. పోటీ పరీక్షల పుస్తకాలు ఎవరో ఒకరి చేతిలో ఉంటే (ఎప్పుడూ ఉండేవి) మిగిలిన బీరువాల మీద పడేదాన్ని. తేనెటీగల పెంపకం, ఇంటి దగ్గరే సబ్బుల తయారీ, బావి తవ్వేముందు చూడవలసిన సంగతులు, ఏదైనా సరే. చదివినదంతా సాయంత్రం ఇంట్లో వాళ్లకు చెబితేగానీ నాకు అన్నం సయించేది కాదు. వాడకట్టులో నాకు లైబ్రరీ అని పేరు పడింది. అది ఎగతాళి అని చాలాకాలం తెలియక బిరుదనుకున్నాను.

మా అవ్వకు, అంటే అమ్మకు, ఒక ఎర్రకోడి ఉండేది. అవ్వ కాపురానికొచ్చిన కొత్తలో, బోథ్ దగ్గరి తల్లిగారి ఊరి నుంచి అమ్మమ్మ గంపలో పెట్టి బస్సులో పంపిన కోడి సంతతి అది. అమ్మమ్మ పోయింది, ఇల్లూ పొలమూ మేనమామలు పంచుకున్నారు, అవ్వకు మిగిలిన పుట్టింటి ఆస్తి ఈ కోళ్లే. రోగాలకూ చుట్టాలకూ తరిగి తరిగి, ఆ ఎండాకాలానికి ఒక్క పెట్ట మిగిలి, పెరట్లో గంపలో గుడ్ల మీద కూర్చుంది. కూర్చున్న కొద్దిరోజులకే, గింజలు తినడానికి కిందికి దిగినప్పుడు కుక్క పట్టుకుపోయింది. అవ్వ ఏడవలేదు. గంప పక్కన కూర్చుని గుడ్ల మీద చెయ్యి పెట్టి, "మా అవ్వ పంపిన జాతి గీడికే ఒడిసింది" అంది. చుట్టుపక్కల ఇళ్లలో పొదుగుకు వచ్చిన కోడి ఇంకొకటి లేదు.

అప్పుడు నేను నోరు తెరిచాను. "ఫికర్ చెయ్యకవ్వా. కోడి లేకున్నా పిల్లల్ని లేపొచ్చు. పుస్తకంల ఉన్నది."

ఇంకొకప్పుడైతే అవ్వ నవ్వేది. ఆ రోజు నా ముఖం వంక చూసి, "లేపు మరి" అంది. అంతే. ఆ రెండు మాటలతో నా కాళ్లు ఇక నిలవడం మానేశాయి.

మందుల దుకాణం నుంచి థర్మకోల్ పెట్టె తెచ్చాను. మూతకు కన్నం చేసి బల్బు దించాను. తేమ కోసం గిన్నెలో నీళ్లు పెట్టాను. గుడ్లకు, మనకు కొంచెం జ్వరం తగిలినప్పుడు ఉండేంత వేడి కావాలని చదివాను గనుక ఇంట్లో ఉన్న జ్వరం మీటరు లోపల పెట్టాను. పెట్టెలో ఇంకా చోటు మిగిలింది. మిగిలిన చోటును చూస్తూ ఊరుకునే మనిషిని కాను. కోతలయిన మళ్లలో గుడారం వేసుకుని బాతులు మేపుతున్న వాళ్లను బతిమాలి నాలుగు బాతుగుడ్లు తెచ్చి కోడిగుడ్ల పక్కన సర్దాను. స్విచ్చి వేస్తే పెట్టె పెళ్లివారి పందిరిలా వెలిగిపోయింది. మీటరు మాత్రం అంకె చూపలేదు. బ్యాటరీ అయిపోయిందనుకున్నాను.

అవ్వ వచ్చి లోపల చెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. "ఏందే, సల్లగున్నది. గింత వెలుగు వెట్టినవ్, గుడ్లు సదువుకుంటయా?"

నేను చదివిన పుస్తకం పాతకాలపు బల్బుల నాటిది. నేను కొన్నది వెలుగే తప్ప వేడి ఇవ్వని ఎల్ఈడీ బల్బు. సైకిల్ మీద బజారుకు పరుగెత్తాను. మేమంతా బల్బుల సేటు అని పిలిచే ఆయన నా మాట విని తల గోక్కున్నాడు. "గర్మ అయ్యే బల్బా? అందరు గర్మ గావద్దని కొంటుండ్రు బిడ్డా, నువ్వేంది ఉల్టా?" అంటూనే అటక ఎక్కి, దుమ్ము పట్టిన డబ్బాలో నుంచి పాత బల్బు వెతికి ఇచ్చాడు. అది పెట్టాక మీటరుకు ప్రాణమొచ్చింది. వేడి ఎక్కువైతే మూత జరపడం, తక్కువైతే మూయడం, పూటపూటకూ గుడ్లు తిప్పడం నా పని. తిప్పాల్సిన దానికంటే ఎక్కువే తిప్పాను. ఫోను లైటు మీద గుడ్డు పెట్టి, లోపలి ఎర్రటి నరాలు చూసి, చూసింది నిజమేనా అని మళ్లీ చూసేదాన్ని. లైబ్రరీ మానేశాను. లైబ్రరీ సారు నాకు ఒంట్లో బాగాలేదేమోనని కబురు పెట్టాడు.

అంతా సవ్యంగా ఉందనుకునేటప్పటికి ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. ఊరి బయట స్తంభాలు ఒరిగాయి, కరెంటు పోయింది, రేపటిదాకా రాదన్నారు. నేను పెట్టె చుట్టూ తిరుగుతున్నాను. వేడినీళ్ల సీసాలు పెట్టాలని ఎక్కడో చదివిన సంగతి గుర్తొచ్చి పొయ్యి మీద నీళ్లు పెట్టాను. అవ్వ లోపలికి పోయి ట్రంకుపెట్టె తాళం తీసింది. అందులో అక్కను చేసుకున్న మా బావ దుబాయి నుంచి తెచ్చిన చెద్దరు ఉంది, నిలువెత్తు పులి బొమ్మది. తెచ్చిన బావకే ఒక్క చలికాలం కూడా కప్పలేదు, మాసిపోతుందని. అవ్వ దాన్ని తెచ్చి, సీసాలతో సహా పెట్టెనంతా చుట్టేసి, పైన చెయ్యేసి కూర్చుంది.

బాపు గుమ్మంలో నిలబడి చూశాడు. "అల్లునికి కప్పలే, నాకు కప్పలే. గుడ్లకు కప్పినవ్."

"నువ్వు పిల్లలైతవా?" అంది అవ్వ.

బాపు పోయి పొయ్యిలోకి కట్టెలు ఎగదోశాడు. కరెంటు వచ్చేదాకా ముగ్గురం వంతులేసుకుని సీసాలు మార్చాం.

గుడ్ల లోపలి నుంచి కీచుమని మొదటి చప్పుడు వచ్చిన రోజు నా పరిస్థితి చెప్పనలవి కాదు. పిల్లలు బయటికొచ్చేటప్పుడు మూత తీయొద్దు, పెంకు ఒలవొద్దు అని ఉంది పుస్తకంలో. అది నేనే అందరికీ చదివి వినిపించాను, నేనే నాలుగుసార్లు మూత మీద చెయ్యి వేశాను. చివరికి బాపు మూత మీద ఇటుక పెట్టి పక్కనే మంచం వేసుకున్నాడు. సాయంత్రానికి నాలుగు కోడిపిల్లలు, తడిసిన దూదిలా. మిగతా గుడ్లు లేవలేదు. అవ్వ ఒకదాన్ని దోసిట్లో తీసుకుని, దాని ఎరుపు చూసి, "వచ్చినవా" అంది, చుట్టం దిగినట్టు.

బాతులకు ఇంకో వారం పైనే పడుతుందని నాకు తెలుసు గనుక బల్బు ఆర్పలేదు. (నా చదువు తిన్నగా పనికొచ్చిన సందర్భం ఇదొక్కటేనేమో, అందుకే చెబుతున్నాను.) మూడు బాతుపిల్లలు లేచాయి. కళ్లు తెరవగానే నన్నే చూశాయి, నేనే తల్లిననుకున్నాయి. ఎటు తిరిగితే అటు వరుసకట్టి వచ్చేవి. నేను తిరిగే తిరుగుడుకు వాటి కాళ్లు అరిగిపోతాయని బాపు జాలిపడ్డాడు. ఒకరోజు నన్ను వదిలి ఇంట్లో ఉండలేక నా సంచిలో లైబ్రరీకి కూడా వచ్చాయి. "సభ్యత్వం ఉన్నోళ్లకే ప్రవేశం" అన్నాడు లైబ్రరీ సారు, నవ్వకుండా.

అయితే అవ్వ బెంగ తీరలేదు. వంశం నిలవాలంటే పెట్ట కావాలి. నేను రెక్కల ఈకలు పరీక్షించి, చదివిన ప్రకారం తీర్పు చెప్పాను: మూడు పెట్టలు, ఒకటి పుంజు. అవ్వ నిశ్చింతపడింది. కొన్ని నెలలకు ఆ మూడు పెట్టల్లో ఒకటి గోడెక్కి కూసింది. రెండోది కూసింది. మూడోది కూసిన రోజు అవ్వ నాతో మాట్లాడలేదు. మిగిలిన దాన్ని గురించి ఎవరికీ అనుమానం లేదు, అది పుంజని నేనెప్పుడో చెప్పాను కదా. ఆ వారంలోనే బావ సెలవు మీద వచ్చాడు. బాపు దాన్నే కోయడానికి నిశ్చయించాడు, ఇంకా కూయని పుంజును మేపి ఏం లాభమని.

ఆ ఆదివారం పొద్దున కత్తి నూరాక చూస్తే అది కనిపించలేదు. పెరడంతా వెతికాం. చివరికి ఊకబస్తా వెనక దొరికింది. చెయ్యి పెట్టబోతే పొడిచింది. దాని కింద, ఇంకా వెచ్చగా, చిన్న గుడ్డు.

బాపు కత్తి కింద పెట్టాడు. అవ్వ అక్కడే, ఊకలోనే కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు. అప్పటికే ఆ గుడ్డు తీసుకుని వీధిలో పడ్డాను. చెప్పులు లేవు, జడ సగమే వేసుకున్నాను. ఎదురైన ప్రతివాళ్లకూ అది పుంజు కాదని చెబుతున్నాను, అది పుంజన్నది నేనేనని మరిచిపోయి.

ఆ తర్వాత నోటిఫికేషన్ వచ్చింది, పరీక్ష రాశాను, ఫలితాలొచ్చాయి, కరీంనగర్‌లో కుర్చీ ఉన్న ఉద్యోగమే వచ్చింది. అందులో నిలకడగా కూర్చుంటున్నాను కూడా. కానీ ఆ రోజు తర్వాత మళ్లీ దేన్ని చేత పట్టుకుని అలా వీధెంట పరుగెత్తాను గనక? గుడ్డు పట్టుకుని పరుగెత్తిన అప్పటి ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే జర మెల్లగా పో, గుడ్డు జారి పడుతుంది అని చెప్పాలనిపిస్తుంది. వినదు. నన్ను పక్కకు తప్పుకోమని, ముందున్న ఇంటికి చెప్పడానికి పోతుంది.